వంపుతలముపై క్రమమైన వల

గ్రాఫు కాగితమును ఒక డబ్బాకు చుట్టినచో ముడుత పడదు. గళ్లన్నియు సమానముగనే ఉండును. అదే కాగితమును బత్తాయిపండుకు తొడిగినచో ముడుతలు పడును, లేదా చిరుగును. ఎంత నేర్పు చూపినను ఫలితమిదే. దీనికి కారణమును గణితవేత్త గౌస్ 1827లో నిరూపించెను. పొడవులు మారనంతవరకు ఏ తలమునకైనను దాని సహజమైన వక్రత మారదు. కాగితమునకును, డబ్బా గోడకును ఆ వక్రత సున్న. గోళమునకు సున్న కాదు.

ఈ చిన్న ప్రయోగమును మనసునందుంచుకొని, నేడు భవనశిల్పులు వాడు కంప్యూటరు సాధనములను పరీక్షింపవలెను. రైనో అను ప్రోగ్రాములోని గ్రాస్‌హాపర్ వంటి వానిలో కొలతలను మార్చినకొలది ఆకృతియు తనంతట మారును. వంపు తిరిగిన కప్పు నొకదానిని గీసి, నిలువున 20, అడ్డమున 20 భాగములని ఆదేశించినచో, క్షణములో 400 గళ్ల వల తెరపై నిలుచును. చూచుటకది ఎంతో క్రమముగ ఉండును. నిజముగ క్రమమైనదేనా?

భూగోళపు నమూనాను చూచిన విద్యార్థియే దీనికి సమాధానము చెప్పగలడు. రేఖాంశముల మధ్య ఒక డిగ్రీ దూరము భూమధ్యరేఖ వద్ద సుమారు 111 కిలోమీటర్లు. 60వ అక్షాంశము వద్ద అందులో సగము. ధ్రువము వద్ద సున్న. డిగ్రీలు సమానమే, దూరములు కావు. సాధనము చేసిన పనియు ఇట్టిదే. అది సమానముగ పంచినది తలమును కాదు. తలముపై స్థానములను తెలుపు అంకెలను మాత్రమే.

మరియొక చిక్కు కలదు. ముక్కాలిపీట ఎట్టి నేలపైనను ఊగదు. నాలుగు కాళ్ల బల్ల ఎగుడుదిగుడు నేలపై ఊగును. మూడు బిందువులు ఎప్పుడును ఒకే సమతలమున ఉండును. నాలుగు ఉండవలెనను నియమము లేదు. కనుక వంపుపై గీసిన నాలుగుమూలల గడిలో చదునైన అద్దము చాలచోట్ల ఇమడదు. తెరపై ఈ లోపము కనబడదు. అద్దమును కోయువానికి, డబ్బు చెల్లించువానికి కనబడును.

ఈ సమస్యను ప్రసిద్ధములైన రెండు భవనములు రెండు విధముల ఎదుర్కొన్నవి. సిడ్నీ సంగీత నాటకశాలకు యోర్న్ ఉట్జన్ మొదట గీసిన చిప్పలు ఒకదానితో నొకటి పోలిక లేనివి. 1961లో ఆయన వానినన్నిటిని సుమారు 75 మీటర్ల వ్యాసార్ధము గల ఒకే గోళము నుండి కోసిన ముక్కలుగా మార్చెను. గోళముపై వంపు ఎల్లచోట్ల ఒక్కటే గనుక, కొద్దిరకముల అచ్చులలోనే భాగములను పోతపోయుట సాధ్యమయ్యెను. శాల 1973లో ప్రారంభమైనది. ఇచ్చట శిల్పి ఆకృతిలోని స్వేచ్ఛను వదలుకొని భాగముల సమానతను పొందెను.

లండనులోని బ్రిటిష్ మ్యూజియపు నడిమి ప్రాంగణమునకు 2000లో వేసిన కప్పు ఇందుకు విరుద్ధము. వెలుపలి హద్దు దీర్ఘచతురస్రము. లోపల గుండ్రని పఠనమందిరము, అదియు సరిగా నడుమ లేదు. క్రిస్ విలియమ్స్ ఆ తలమును గణితసూత్రములతో రచించి, దానిపై పరచిన వల ముడులను, దారములు లాగుచున్నట్లుగా, నిలకడ వచ్చువరకు జరుగనిచ్చెను. 3,312 అద్దపుపలకలలో ఏ రెండును ఒకటి కావని ప్రసిద్ధి. కాని అన్నియు త్రిభుజములు గనుక ప్రతి పలకయు చదునైనదే. పలకల పరిమాణము మెల్లమెల్లగా మారుటచే చూపరికి ఎచ్చటను కుదుపు తోచదు. ఇచ్చట సమానతను వదలుకొని సాఫీతనమును పొందిరి.

ఈ రెండింటిలో ఏది మేలన్నది వేరు ప్రశ్న. ఏమి పొందుటకు ఏమి వదలుచున్నారో ఇరువురును ఎరిగి వదలిరి. అదే వారి గొప్పతనము. గుడ్డ వంపుపై ఎట్లు కూర్చుండునో చెబిషేవ్ 1878లో విచారించెను. నేతలోని గళ్ల భుజములు సమానముగ నిలిచి, కోణములు మారును. ఫుట్‌బాలుపై 20 షడ్భుజులతో 12 పంచభుజులు తప్పనిసరిగా చేరినవి. కొన ఒక్కింటికి మూడేసి చొప్పున కలిసినపుడు షడ్భుజులు మాత్రమే గోళమును మూయజాలవు. ఎటు చూచినను, ఏదియో ఒకటి చెల్లింపక తప్పదు.

నేటి సాధనముల యందలి దోషము ఇచ్చటనే ఉన్నది. అవి లెక్కలో తప్పు చేయుట లేదు. వలను లాగి సవరించు కంగారూ వంటి అనుబంధములు కూడ వానికి కలవు. కాని ఒక్క మీట నొక్కినంతనే అందమైన వల లభించుటచే, చెల్లింపవలసినది ఏమియు లేదను భ్రమ అభ్యాసికి కలుగుచున్నది. భుజములు సమానమా, కోణములు సమానమా, పలకలు చదునైనవా అని అతడు తనను తాను ప్రశ్నించుకొనవలెను. ఆ ప్రశ్నలను నేర్పుటకు పాఠశాలలో కంప్యూటరైనను అవసరము లేదు. ఒక గ్రాఫు కాగితము, ఒక బత్తాయిపండు చాలును.