పసుపు ఏ ఆకు నుంచి మొదలైంది?

కవరులో పెంచే మొక్క ఆకు పండుబారిందంటే మా వైపు ఎవరినడిగినా చెప్పే మందు ఒక్కటే: కాస్త యూరియా వెయ్యి. పొలంలో అది చాలాసార్లు పనిచేసింది కాబట్టి నోటికి ముందుగా ఆ మాటే వస్తుంది. కానీ పొలం వేరు, కవరు వేరు. కవరులో ఉండేది కిలో, కిలోన్నర మట్టి. అందులో చిటికెడు యూరియా పడితే వేరు పక్కకు తప్పుకోవడానికి చోటుండదు. మర్నాటికి ఆకు అంచులు మాడతాయి. అప్పుడు తెగులు ముదిరిందంటూ మందుల దుకాణానికి పరుగెత్తుతాం. నేను చూసినంతలో పసుపు రంగు కంటే ఈ తొందర చంపిన మొక్కలే ఎక్కువ.

ఇది రాస్తున్నది మే నెలలో. కొత్తగూడెం నుంచి భద్రాచలం దాకా ఎండ 45 డిగ్రీలు దాటే రోజులివి. చలికాలంలో మట్టి నింపి గింజ వేసిన కవర్లు ఇప్పుడు ఊరూరా గ్రీన్ నెట్ కింద వరసలు కట్టి తొలకరి కోసం ఎదురుచూస్తున్నాయి. 2015 జూలైలో తెలంగాణ అంతటా మొక్కలు నాటే హరితహారం మొదలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రతి గ్రామ పంచాయతీకి నర్సరీ ఉండాలంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను సర్పంచ్, కార్యదర్శుల మీద పెట్టింది. మంచి నిబంధనే. కాకపోతే నాటాక మొక్క బతుకుతుందా లేదా అన్నది సగానికి సగం కవరులోనే తేలిపోతుంది. ఆ నాలుగైదు నెలలు మొక్క ఏం చెబుతోందో చూసే కన్ను కావాలి.

మొదట అడగాల్సింది ఒక్కటే. పసుపు కింది ముదురాకులో మొదలైందా, పైన చిగురులో మొదలైందా?

ఇంట్లో బియ్యం తక్కువైతే తల్లి తాను పస్తుండి పిల్లకు పెడుతుంది. నత్రజని తక్కువైన మొక్క చేసేదీ అదే. ముదురాకులో ఉన్నదాన్ని కరిగించి చిగురుకు పంపుతుంది. అందుకే కింది ఆకు ఈనెలతో సహా మొత్తం పాలిపోయి, చివరికి పండి రాలుతుంది. పైన చిగురు మాత్రం పచ్చగానే ఉంటుంది, కాకపోతే చిన్నదవుతుంది. మెగ్నీషియం కొరత కూడా కిందే మొదలవుతుంది గానీ అక్కడ ఈనెలు పచ్చగా నిలిచి మధ్య భాగం పసుపవుతుంది. పత్రహరితం అణువు నడిమధ్యన ఉండేది మెగ్నీషియమే. ఆ నిర్మాణం మీద పనిచేసిన రిచర్డ్ విల్‌స్టాటర్‌కు 1915లో నోబెల్ వచ్చింది. పొటాష్ తక్కువైతే ముదురాకు అంచు వెంట పసుపు పాకి, తర్వాత అంచు మాడుతుంది.

మన నర్సరీల్లో నత్రజని లోటు ఎక్కువగా ఎందుకొస్తుందో చెప్పాలి. మట్టి గుల్లగా ఉండాలని రైస్ మిల్లు నుంచి ఊక తెచ్చి కలుపుతారు, పశువుల పేడ మాగకముందే పోస్తారు. పచ్చి ఊక కుళ్లాలంటే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి. అవి మట్టిలో ఉన్నదంతా ముందు తామే తినేస్తాయి, మొక్కకు మిగలదు. ఎరువు వేశాం కదా, ఇంకా పసుపెందుకని అడిగేవాళ్లకు జవాబు ఆ ఎరువులోనే ఉంటుంది. బాగా మాగిన ఎరువు చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాదు, మట్టి వాసన వస్తుంది. అంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు. యూరియా ఇవ్వాల్సి వచ్చినా లీటరు నీటికి 5 గ్రాములు మించకుండా కరిగించి, సాయంత్రం పూట పోసి, తర్వాత ఆకులు తడిసేలా మంచినీళ్లు చల్లితే చాలు.

పసుపు చిగురులో మొదలైతే కథ వేరు. ఇనుము మొక్కలో ఒకసారి ఒక ఆకులో స్థిరపడితే అక్కడి నుంచి కదలదు. ముదురాకులో ఎంత ఉన్నా చిగురుకు అందదు. కొత్తాకు సన్నని ఈనెలన్నీ ఆకుపచ్చ వల వేసినట్టు స్పష్టంగా కనిపిస్తూ, మధ్యంతా నిమ్మపండు రంగులోకి, ముదిరితే తెలుపులోకి పోతుంది. ఫ్రాన్సులో యూసెబ్ గ్రీ అనే ఆయన 1840ల్లోనే ఇలాంటి మొక్కలకు ఇనుప లవణం ఇచ్చి ఆకుల్ని మళ్లీ పచ్చగా చేసి చూపించాడు. మన రైతులు వాడే అన్నభేది ఆ ఇనుప లవణమే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి, ఎండ తగ్గాక ఆకుల మీద పిచికారీ చేస్తే కొన్నాళ్లలో పచ్చదనం తిరిగొస్తుంది.

తిరిగొచ్చాక మళ్లీ పోతుంది కూడా. ఎందుకంటే మట్టిలో ఇనుము లేక కాదు ఇదంతా. మా ఎర్రమట్టికి ఆ ఎరుపు ఇనుము వల్ల వచ్చిందే. లోపం నీళ్లలో ఉంది. వేసవిలో బోరు అడుగంటే కొద్దీ నీటిలో సున్నం, బైకార్బొనేట్లు ఎక్కువవుతాయి. ఆ నీళ్లే రోజూ పోస్తుంటే కవరులో మట్టి క్షారంగా మారి, ఉన్న ఇనుము వేరుకు అందకుండా బిగుసుకుపోతుంది. గుర్తు పట్టడం కష్టం కాదు. కవరు అంచున, మట్టి పైపొర మీద తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది, గోటితో గీకితే పొడిలా రాలుతుంది. జూన్‌లో నాలుగు మంచి వానలు పడగానే నర్సరీ మొత్తం రంగు తేరుకోవడం ఇక్కడ అందరూ చూసినదే. వాన నీటిలో సున్నం లేదు, పైగా పేరుకున్న ఉప్పుల్ని కిందికి కడిగేస్తుంది. కాబట్టి మేలో చిగురు పసుపెక్కిన మొక్కకు బస్తాలకొద్దీ ఎరువు కొనడం కంటే, వీలైతే చెరువు నీళ్లో వాగు నీళ్లో తెచ్చి పోయడం మేలు.

ఆకు చూసి చెప్పగలిగింది ఇంతవరకే. అసలు సంగతి చాలాసార్లు వేరులో ఉంటుంది, దాన్ని చూడాలంటే కవరు కోయాలి. బూర్గంపహాడ్ వైపు ఒక ఊరి నర్సరీలో నేరేడు వరస ఒకటి మొత్తం కిందా మీదా తేడా లేకుండా పాలిపోయి, ఆకులు వేలాడేసి ఉంది. నీళ్లు పోసే ఆమె బాధగా చెప్పింది, "పొద్దున సాయంత్రం రెండుపూటలా పోస్తున్నా సారు, అయినా వాడిపోతనే ఉన్నయ్" అని.

"ఒక కవరు కోసి చూద్దామా అమ్మా?"

"కోస్తే లెక్క తగ్గుద్ది సారు."

ఆమె భయం న్యాయమైనదే. పైనుంచి వచ్చేవాళ్లు లెక్కే అడుగుతారు. ఒక్క మొక్క పోతే వరస దక్కుతుందని చెబితే ఒప్పుకుని, కొడవలి మొనతో తనే నిలువునా చీరింది. పై రెండంగుళాల మట్టి పొడిగా, పగుళ్లు దేలి ఉంది. కింద అంతా బురద. అడుగున నీరు పోవడానికి చేసిన రంధ్రాల్లో ఎర్రమట్టి ఒండ్రు దిగి గట్టిగా మూసుకుపోయింది. పిల్లవేర్లు గోధుమరంగుకు తిరిగాయి. ఒకదాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే పై తొక్క జారి వచ్చేసింది, లోపల దారప్పోగు లాంటి నార మిగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగు కంపు. బతికున్న వేరు తెల్లగా ఉంటుంది, లాగితే పుటుక్కున తెగుతుంది గానీ జారదు. మొక్క వాడింది నీళ్లు లేక కాదు, నీళ్లలో ఊపిరాడక. పైన పొడి మట్టి చూసి ఆమె మళ్లీ మళ్లీ పోసింది, అందులో ఆమె తప్పేమీ లేదు. కవరు ఎత్తి బరువు చూడమని ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ సాయంత్రమే వరసంతటికీ కింది రంధ్రాలు కొత్తగా పొడిచాం. రెండు రోజులు నీళ్లు ఆపి, తర్వాత లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిపాం. వేర్లు పూర్తిగా కుళ్లినవి పోయాయి. మిగతావి చిగురు వేశాయి.

కానుగ, సుబాబుల్ లాంటి కాయజాతి మొక్కలకు ఇంకో చిక్కుంది. వీటి వేళ్ల మీద బుడిపెలుండి, వాటిలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. ఎక్కడిదో లోతు మట్టి, ఇసుక తెచ్చి నింపిన కవర్లలో ఆ బాక్టీరియా ఉండదు, కానుగ ఎంత పెంచినా పాలిపోయే ఉంటుంది. బుడిపె కనిపిస్తే గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగుంటే పనిచేస్తోందని అర్థం, తెల్లగా ఉంటే లేదని. మందు ఖర్చు లేనిది: ముసలి కానుగ చెట్టు కింద ఆకు తుక్కు పక్కకు నెట్టి, ఆ మట్టి తట్టెడు తెచ్చి కవర్లలో గుప్పెడు గుప్పెడు వేయడం. అడవి అంచున బతికే మనకు ఆ చెట్టు వెతకడానికి దూరం పోనక్కర్లేదు.

కొన్నిటికి అసలు భయపడనే కూడదు. మొలకెత్తిన జంట బీజదళాలు నాలుగాకులు వచ్చాక పండి రాలడం సహజం. ఇప్ప చిగురు రాగి రంగులో వస్తుంది, మామిడిదీ అంతే. దాన్ని తెగులనుకుని మందు కొట్టిన నర్సరీలున్నాయి.

మిరప నారుకు వేరే చూపు కావాలి. ఖమ్మం మార్కెట్‌ను నడిపే పంట అది, నారు పోతే ఏడాది పోతుంది. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. పసుపు మచ్చలతో ఆకు చిన్నదై ముడుచుకుంటే తెల్లదోమ మోసుకొచ్చిన బొబ్బర తెగులు. ఏ ఎరువూ దాన్ని తిప్పలేదు, పీకి కాల్చేయాల్సిందే. 2021 చివర్లో పూతలో చేరిన నల్ల తామర పురుగు తోటలకు తోటలు ఎండగొట్టాక ఇక్కడి రైతు ఆకు తిరగేసి చూడటం బాగా నేర్చుకున్నాడు. అదే శ్రద్ధ ఊరి నర్సరీలో వేప మొక్కకు ఎందుకు దక్కకూడదని నా ప్రశ్న.

ఖమ్మం పక్క రెడ్డిపల్లి దరిపల్లి రామయ్య గారు, మనందరి వనజీవి రామయ్య, 2025 ఏప్రిల్‌లో వెళ్లిపోయారు. కోటికి పైగా మొక్కలు నాటారని పేరు, 2017లో పద్మశ్రీ. ఆయన మొక్కలు నాటడంతోపాటు ఎండాకాలమంతా గింజలు ఏరి, వానలకు ముందు చల్లేవారు. గింజ పడ్డచోటే మొలిస్తే తల్లివేరు తిన్నగా దిగుతుంది. కవరులో ఆ వీల్లేదు. వయసు మించిన కవరు మొక్కకు తల్లివేరు అడుగు తగిలి చుట్ట చుట్టుకుంటుంది. మట్టి కంటే వేరు ఎక్కువై తిండి చాలక ఆకు పసుపెక్కుతుంది. అలాగే నాటితే ఆ చుట్ట విప్పుకోదు, నాలుగేళ్లకు చెట్టు గాలికి ఒరుగుతుంది. ఈ చుట్టకు విరుగుడు మన దగ్గరే ఉంది. సారపాక కాగితం మిల్లు జామాయిల్ క్లోన్ల పని 1989లో చేపట్టింది. అలాంటి క్లోన్ల నర్సరీల్లో వాడే రూట్ ట్రైనర్లకు లోపల నిలువు గీతలు, అడుగున బెజ్జం ఉంటాయి. వేరు చుట్టుకోకుండా గీత వెంట కిందికి దిగి, గాలి తగిలిన చోట ఆగిపోతుంది. ఊరి నర్సరీలకూ కనీసం చింత, నేరేడు, నల్లమద్ది వరకైనా అవి ఇవ్వాలి. ఖర్చు ఒకసారిదే, ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.

వచ్చే నెల మీ ఊళ్లో మొక్కలు పంచుతారు. ఎత్తుగా ఉన్నదాని కోసం ఎగబడకండి. జానెడు ఎత్తున్నా కింది ఆకులు నిలిచి ఉన్నది తీసుకోండి. కవరు ఎత్తి అడుగు చూడండి. వేరు బయటికొచ్చి నేలలో దిగి ఉంటే పీకినప్పుడు తెగి ఉంటుంది, దాన్ని వదిలేయండి. గుంట దగ్గర కవరు పూర్తిగా చీల్చి తీసేయండి, అడుగున చుట్ట కనిపిస్తే ఆ అంగుళం కత్తిరించి పాతండి. నర్సరీలో నీళ్లు పోసే మనిషిని ఏ వరస పసుపెక్కింది, ఎప్పుడెక్కింది అని కూడా అడగండి. రిజిస్టర్‌లో ఆ గడి లేదు గానీ, ఆమెకు ఆ లెక్క వేళ్ల మీద ఉంటుంది.