అవ్వ చదవలేని తెలుగు

మా హోసూరు పక్క ఇండ్లలో ఇప్పుడు రెండు తెలుగులు ఉన్నాయి. ఒకటి నోటుబుక్కులో అ, ఆ, ఇ, ఈలతో రాసేది. ఇంకొకటి ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేది. పుస్తకాల మీద, సినిమాల మీద విమర్శలు రాస్తారు గదా, దినమూ అందరూ చదివే ఈ రెండో రాత మీద మాత్రం ఎవరూ రాయరు. అందుకే నేను దీన్ని తీసుకున్నాను.

మా అవ్వ తెలుగు బాగా చదువుతుంది. పంచాంగం చూస్తుంది, పెండ్లి పత్రికలు చదివి అందరికీ వినిపిస్తుంది. బెంగుళూరులో ఆఫీసు పని చేసే మా మామ పంపే మెసేజీ మాత్రం చదవలేదు. "ఈ పొద్దు ఆఫీసులో మీటింగు ఉండాది, రాత్రికి వచ్చేది లేటవుతుంది" అని ఆయన పంపుతాడు. మాట అచ్చం మా ఇంటి మాటే, అక్షరాలే ఇంగ్లీషువి. కన్నకొడుకు తెలుగులో చెప్పిన మాటను, తెలుగు చదవడం వచ్చిన అమ్మ మనవరాలిని పిలిచి చదివించుకోవాలి. ఇది నాకు చాలా వింతగా ఉంటుంది.

అర్థమైతే చాలు గదా అంటారు. సరే, అర్థమవుతుందా? జీ, ఏ, డీ, ఐ అని నాలుగు అక్షరాలు కొట్టి చూడండి. అది గది కావచ్చు, గడి కావచ్చు, గాది కావచ్చు, గాడి కావచ్చు. పీ, ఏ, ఎల్, యూ కొడితే పాలా, పలు రకాలలోని పలా? ముందూ వెనకా మాటలను బట్టి ఊహించుకుంటాము, నిజమే. కానీ రాసేవాళ్లు చేయాల్సిన పని చదివేవాళ్ల నెత్తిన పడుతోంది గదా. హ్రస్వం, దీర్ఘం పోయాయి. ల, ళ ఒకటైపోయాయి. న, ణ కూడా అంతే. ఒకటో తరగతి నుంచి మా తెలుగు అయ్యవారు ఎర్ర సిరాతో దిద్దినవన్నీ ఫోనులోకి పోయేసరికి మాయం.

ఈ అలవాటు పుట్టినప్పుడు దానికి కారణం ఉంది. పాత బటన్ల ఫోన్లలో చాలా వాటిలో తెలుగు కనిపించేది కాదు, డబ్బాలు డబ్బాలుగా వచ్చేది. ఇప్పుడా సాకు లేదు. యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు 128 స్థానాల చోటు ఉంది. దాన్ని అంటుకొనే కన్నడానికి ఇంకో 128. మనం ఊళ్లలో ఎట్లా ఉన్నామో అక్కడా అట్లే పక్కపక్కనే ఉన్నాము. తెలుగు అక్షరం యంత్రానికి సులువు కాదన్నది మాత్రం నిజం. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం ఒక రకంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయి. ఆ నెలలోనే కంపెనీ సరిచేసింది. జ్ఞానంలో మొదటి అక్షరానికే అంత పెద్ద ఫోను తడబడిందని మా క్లాసులో ఇప్పటికీ నవ్వుకుంటాము.

ఇంగ్లీషులో కొడితే తెలుగులోకి మార్చే పద్ధతి వచ్చింది. లేఖిని లాంటివి ఎంతోమందికి తెలుగు రాసే ధైర్యం ఇచ్చాయి, ఆ మేలు కాదనను. కానీ ఇక్కడ తెలుగు రాయాలంటే ముందు మనసులో దాని ఇంగ్లీషు స్పెల్లింగు కట్టుకోవాలి. అ, ఆ ముందు నేర్చిన మా బడి పిల్లలకు ఇది చుట్టుదారి. పైగా నా ఫోను 'ఉండాది' అని కొడితే ఊరుకోదు, 'ఉంది' అని పెట్టబోతుంది. మా అవ్వ మాటను తప్పు అనడానికి దానికి ఎవరు చెప్పారో!

నాకు బాగా నచ్చినది ఇన్‌స్క్రిప్టు. భారతీయ ప్రమాణాల సంస్థ 1991 ప్రమాణంలోనే ఉన్న కీబోర్డు ఇది. విండోస్‌లో, లినక్స్‌లో ముందే ఉంటుంది, నెట్టు అక్కర లేదు. అచ్చులు, గుణింతాలు ఎడమచేతి పక్క, హల్లులు చాలావరకు కుడిచేతి పక్క. కే నొక్కితే క, షిఫ్టుతో నొక్కితే ఖ. ఎఫ్ నొక్కితే గుడి, షిఫ్టుతో నొక్కితే ఇ. ఒత్తు కావాలంటే డీ. అమ్మ అని రాయాలంటే షిఫ్టుతో డీ, తరువాత సీ, డీ, సీ. అ, మ, పొల్లు, మ. వ్యాకరణం క్లాసులో చెప్పిన అల్పప్రాణం, మహాప్రాణం, ద్విత్వం అన్నీ వేళ్ల కిందే ఉన్నాయి. దీంట్లో కష్టం ఎక్కువేమో అనుకుంటారు. 'తెలుగు' అనే మాటకు ఇక్కడా ఆరు నొక్కులే, ఇంగ్లీషు అక్షరాలతోనూ ఆరే.

మన పిల్లలకు దీనితో ఇంకో లాభం ఉంది. తెలుగులో క ఉన్న చోటే కన్నడ క, తమిళ క కూడా ఉంటాయి. తమిళంలో ఖ, ఘ లేవు గనుక అక్కడ అవి రావు, అంతే తేడా. 2006 తమిళ అభ్యసన చట్టం తరువాత మనం బడిలో తమిళం తప్పక చదువుతున్నాము, చదవాల్సిందే. సంతకు పోతే కన్నడం కూడా కావాలి. ఒక భాషకు వేళ్లు అలవాటైతే మిగిలిన రెండింటికీ సగం పని అయిపోయినట్లే. ఆంధ్రాలో ఉండే పిల్లల కంటే మొరసునాడులో ఉండే మనకే ఇది ఎక్కువ పనికొస్తుంది.

లోపం లేదా అంటే ఉంది. చిన్న ఫోను తెరమీద ఇన్‌స్క్రిప్టు ఇరుకు, వేలు పక్క అక్షరం మీద పడుతుంది. మొదటి రెండు వారాలు విసుగు కూడా వస్తుంది. మా ల్యాబులో కీబోర్డుల మీద తెలుగు అక్షరాలు లేవు. మేము కాగితం ముక్కల మీద రాసి అంటించాము. అవి చెమటకు ఊడిపోతుంటాయి.

ఈ పత్రికకు మన వ్యాసాలు చేతిరాతలోనే పోతాయి. టౌనులో డీటీపీ అంగడిలో కొట్టిస్తారు, ఒత్తులు జారిపోతే అయ్యవారు కూర్చొని దిద్దుతారు. వచ్చే సంచికకు ఎనిమిదో తరగతి పేజీలైనా మేమే కొట్టి ఇస్తామని అడిగాము. అయ్యవారు సరే అన్నారు. శుక్రవారం సాయంత్రం బడి వదిలినాక గంటసేపు ల్యాబు తాళం ఇస్తారంట. రావాలనుకునేవాళ్లు ముందు తెలుగు అయ్యవారి దగ్గర పేరు ఇవ్వండి, కంప్యూటర్లు ఆరే ఉన్నాయి.