సీటు వెనక ఆరు సిలిండర్లు

పోర్షె బాక్‌స్టర్ బానెట్ ఎత్తి చూడండి. ఇంజిన్ ఉండదు. ఒక సూట్‌కేసు పట్టేంత లోతైన గుంట ఉంటుంది. వెనక్కి వెళ్లి డిక్కీ తీస్తే అక్కడా ఇంజిన్ లేదు. సామానుకు ఇంకొంత చోటు, ఓ పక్కన ఇంజిన్ ఆయిలు పోసే మూత, కూలెంటు పోసే మూత, అంతే. రెండు సీట్లు, రెండు డిక్కీలు ఉన్న ఈ కారులో ఇంజిన్ నడిపేవాడి వీపు వెనక ఉంటుంది. సీటుకూ వెనక ఇరుసుకూ మధ్య, మడిచిన టాపు కింద, ఎవరి కంటా పడకుండా.

ఫెరారీలో చాలా మోడళ్లకు ఇంజిన్ మీద గాజు పలక బిగించి, దారినపోయేవాళ్లకు కూడా చూపిస్తారు. బాక్‌స్టర్‌లో దాన్ని సొంతదారుకు కూడా చూపించరు. ఈ కారు పనితనం చాలావరకు ఇలా దాగి ఉన్నదే. కొత్తది కొన్నా పాతది కొన్నా పెయింటు మెరుపు దగ్గర ఆగిపోకుండా ఆ దాగిన చోట్లను చదవగలిగితేనే డబ్బుకు తగిన వస్తువు దొరుకుతుందని నా నమ్మకం.

పోర్షె పేరు పెట్టుకున్న మొట్టమొదటి కారు కూడా ఈ కుదురుదే. 1948లో ఆస్ట్రియాలోని గ్ముండ్ అనే చిన్న ఊళ్లో, అల్యూమినియం రేకును చేత్తో సాగగొట్టి, టాపు లేని కారు ఒకటి తయారు చేశారు. సుమారు 35 హార్స్‌పవర్ ఫోక్స్‌వాగన్ ఇంజిన్‌ను వెనక ఇరుసుకు ముందు కూర్చోబెట్టారు. అమ్మకానికి కార్లు కట్టే వేళకు వెనక కాస్త చోటు కావాల్సివచ్చి ఇంజిన్‌ను ఇరుసు వెనక్కి జరిపారు. 356 అలాగే వచ్చింది, దాని తర్వాత 911 కూడా అలాగే స్థిరపడింది. రేసు కార్లు మాత్రం పాత అమరికనే పట్టుకున్నాయి. 1953 నాటి 550 స్పైడర్, ఆ తర్వాతి 718 ఆ వరసలోవే. 1993 జనవరిలో డెట్రాయిట్ మోటార్ షోలో గ్రాంట్ లార్సన్ రూపం దిద్దిన వెండిరంగు నమూనా కారును చూసినవాళ్లకు ఆ పాత రేసు కార్లే గుర్తొచ్చాయి. 1996లో అది 2.5 లీటర్ల ఇంజిన్‌తో, 204 హార్స్‌పవర్‌తో అమ్మకానికి వచ్చింది. ఆ తొలి తరాన్ని అభిమానులు దాని సంకేత సంఖ్యతో 986 అంటారు.

ఇంజిన్ ఎక్కడుంటే ఏమిటి, బరువు బరువే కదా అనిపించవచ్చు. కావడి మోసే మనిషిని తలుచుకుంటే తేడా తెలుస్తుంది. రెండు కొసలా నిండు బిందెలు వేలాడుతున్నప్పుడు అతను చప్పున పక్కకు తిరగలేడు, తిరగడం మొదలైతే చప్పున ఆగనూలేడు. అవే బిందెలను ఒంటికి ఆనించి పట్టుకుంటే మోసే బరువు తగ్గదు కానీ తిరగడం సులువవుతుంది. కారులో అన్నిటికంటే బరువైన ముద్ద ఇంజిన్. దాన్ని రెండు ఇరుసుల మధ్యకు తెస్తే స్టీరింగ్ తిప్పీ తిప్పకముందే ముక్కు మలుపులోకి దిగుతుంది. కారు తిరిగే కేంద్రం దగ్గరే నడిపేవాడూ కూర్చుంటాడు కాబట్టి టైర్లు రోడ్డును పట్టుకున్నదీ వదులుతున్నదీ నడుముకే తెలిసిపోతుంది. దీనికి రెండో వైపూ ఉంది. తడి రోడ్డు మీద పట్టు పూర్తిగా తప్పితే ఇలాంటి కారు అంతే సులువుగా గిర్రున తిరిగిపోతుంది. అందుకే అరిగిన టైర్లతో, లేదా ముందొక రకం వెనకొక రకం టైర్లతో ఉన్న బాక్‌స్టర్‌ను నేను టెస్ట్ డ్రైవ్‌కు కూడా తీయను.

ఇంజిన్ అమరిక ఇంకా ముచ్చటైనది. ఆరు సిలిండర్లూ నిలబడి ఉండవు. మూడు ఇటు, మూడు అటు, నేలకు సమాంతరంగా పడుకుని ఉంటాయి. ఎదురెదురు పిస్టన్లు ఒకేసారి బయటికి పోతాయి, ఒకేసారి లోపలికి వస్తాయి, ఒకదాని కుదుపును రెండోది కొట్టేస్తుంది. కుదుపు తగ్గించడానికి వేరే బ్యాలెన్స్ షాఫ్టు పెట్టాల్సిన పని లేదు. ఇంజిన్ ఎత్తు తక్కువ కావడం వల్ల బరువు నేలకు దగ్గరగా ఉంటుంది. ఆ పొట్టి ఇంజిన్ పైన మిగిలిన జానెడు జాగాలోనే గుడ్డ టాపు మడిచి పెట్టే వీలు దొరికింది. నిలువు సిలిండర్ల ఇంజిన్ అయితే ఆ టాపు వెనక డిక్కీని మింగేసేది. తలుపుల వెనక ఒంటికి చెక్కినట్టున్న రెండు గాలి కంతలూ అలంకారానికి పెట్టినవి కావు. ఒకటి ఇంజిన్‌కు ఊపిరి, రెండోది ఇంజిన్ గదిలోని వేడిని చల్లార్చడానికి. టాపు దించి ఐదువేల ఆర్‌పీఎం దాటించినప్పుడు చెవి వెనక వినిపించే గాలి పీల్పు ఆ కంతలోంచి వచ్చేదే.

టాపు దగ్గర కాస్త ఆగాలి. 986లో అద్దం చట్రం మీద ఉన్న కొక్కేన్ని చేత్తో విప్పి మీట నొక్కితే, వెనక పెద్ద మూత పైకి లేస్తుంది. గుడ్డ జెడ్ ఆకారంలో మడత పడి, దాని ముందు భాగం పైకి వచ్చి, మూత మళ్లీ కొంత దిగుతుంది. మొత్తం 12 సెకన్లు. ఇన్ని కదలికలకూ మోటారు ఒక్కటే. దాని నుంచి రెండు వైపులకూ తీగలాంటి షాఫ్టులు వెళ్లి చెరో చిన్న గేరుపెట్టెను తిప్పుతాయి. రెండు వైపులూ సమానంగా కదలాలి, లేకపోతే టాపు మెలిపడుతుంది. పాత కారు కొనేటప్పుడు టాపును రెండు మూడు సార్లు తెరిచి మూయించండి. ఒక పక్క ముందు, ఒక పక్క వెనక కదిలితే తీగ గానీ, కడ్డీల చివరి ప్లాస్టిక్ గిన్నెలు గానీ పోయినట్టు. 2012లో వచ్చిన 981 తరంలో ఆ పెద్ద మూతనే తీసేశారు. మడిచిన టాపు ముందు భాగమే మూతగా సర్దుకుంటుంది. కొక్కెం కూడా దానంతట అదే పడుతుంది. 50 కిలోమీటర్ల వేగం దాకా నడుస్తూనే 9 సెకన్లలో మూసుకోవచ్చు. ఒక భాగాన్ని కలపడం కంటే తీసేసి అదే పని చేయించడం కష్టమైన విద్య. నాకు ఈ కారు మొత్తంలో బాగా నచ్చిన పని అది.

ఆ విద్య ఆ ఫ్యాక్టరీకి కష్టకాలంలో అబ్బింది. 1990ల మొదట్లో పోర్షె ఏడాదికి 15 వేల కార్లు కూడా అమ్మలేక మూతపడే స్థితికి వచ్చింది. పగ్గాలు పట్టిన వెండెలిన్ వీడెకింగ్, టయోటా పద్ధతి తెలిసిన జపాన్ సలహాదారులను స్టుట్‌గార్ట్‌కు పిలిపించాడు. ఎత్తైన అరల్లో నెలలకు సరిపడా విడిభాగాలు పేరుకుని ఉండటం చూసి వాళ్లు మండిపడ్డారు. వీడెకింగ్ రంపం చేతబట్టి అరల పై సగాన్ని తనే కోసేశాడన్న కథ ఆ పరిశ్రమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఆలోచన కారులోకి కూడా వచ్చింది. 986కు ముందు భాగం, తలుపులు అప్పటి 911తో ఉమ్మడి. వేయించిన గుడ్డు ఆకారమని చాలామంది వెక్కిరించిన ఆ హెడ్‌లైటునే చూడండి. పెద్ద లైటు, ఫాగ్ లైటు, ఇండికేటరు అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. ముందు డిక్కీ పక్కగోడకున్న రంధ్రంలోంచి కారుతో ఇచ్చిన పనిముట్టు దూర్చి తిప్పితే డబ్బా మొత్తం ముందుకు జారి చేతిలోకి వస్తుంది. బల్బు మార్చడానికి బంపరు విప్పాల్సిన కార్లు నడిపినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. అందం మాట ఎలా ఉన్నా, పనితనంగా నేను దానికి పూర్తి మార్కులు వేస్తాను.

ఇంత తెలివిగా కట్టిన ఇంజిన్‌లో ఒక లోపం ఉండిపోయింది, పాతది కొనేవాళ్లు దాన్ని దాటలేరు. 986లోనూ, దాని తర్వాతి తరమైన 987లో 2008 దాకానూ క్రాంక్ షాఫ్టు నేరుగా క్యామ్ షాఫ్టులను తిప్పదు. మధ్యలో ఇంటర్మీడియట్ షాఫ్టు ఒకటి ఉంటుంది. దాని ఒక కొసను మోసేది మూసి ఉంచిన చిన్న బాల్ బేరింగు. అది అరిగి విరిగితే టైమింగు తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఇంజిన్ పోతుంది. మొదటి కార్లలో ఆ బేరింగుకు గోళీలు రెండు వరసలు, అవి కొంత గట్టివి. 2000 తర్వాత నుంచి 2005 దాకా వచ్చిన చాలా కార్లలో ఒకటే వరస, ఫిర్యాదులు ఎక్కువగా వచ్చింది వాటి మీదే. 2006 నుంచి బేరింగు పెద్దదైంది, బెడద బాగా తగ్గింది. కానీ ఇంజిన్ మొత్తం విప్పకుండా దాన్ని మార్చడం కుదరదు. పాతవాటిలో మార్చాలన్నా గేర్‌బాక్సు, క్లచ్, ఫ్లైవీల్ దించాలి. కాబట్టి క్లచ్ మార్చేటప్పుడే బేరింగు కూడా మార్పించిన కారు, అందుకు బిల్లు ఉన్న కారు, మిగతావాటికంటే నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టదగ్గది. బిల్లు లేని మాట లెక్కలోకి రాదు. అనుమానముంటే ఆయిల్ ఫిల్టరు విప్పించి మడతలు పరిచి చూడమనండి. లోహపు పొడి మెరిస్తే బేరం అక్కడితో ఆపేయండి.

2009 మోడల్ 987 నుంచి పోర్షె ఈ షాఫ్టునే తీసేసింది. కొత్త ఇంజిన్ 2.9 లీటర్లది 255 హార్స్‌పవర్, ఎస్ మోడల్‌లో 3.4 లీటర్లది 310. స్టీరింగ్ ఇంకా హైడ్రాలిక్‌గానే ఉంది. 981తో ఎలక్ట్రిక్ స్టీరింగ్ వచ్చింది. 2016లో వచ్చిన తర్వాతి తరానికి ఆ పాత రేసు కారు 718 పేరే పెట్టి, ఆరు సిలిండర్ల చోట నాలుగు సిలిండర్ల టర్బో పెట్టారు. వేగం పెరిగింది, గొంతు పోయింది. కొన్నవాళ్ల మొర వినిపించిందేమో, 2020లో 4 లీటర్ల, 400 హార్స్‌పవర్ ఆరు సిలిండర్ల జీటీఎస్ తెచ్చారు.

కారు చూడబోయినప్పుడు ముందుగా సీటు కింద కార్పెట్ తడిమి చూడండి. టాపు మీద పడ్డ వాన నీరు పోవడానికి ఇరుపక్కలా సన్నని గొట్టాలుంటాయి. చెట్టు కింద నిలిపే కార్లలో అవి ఆకులతో పూడుకుపోయి నీళ్లు లోపలికి వస్తాయి. 986లో ఇమ్మొబిలైజర్ కంట్రోల్ యూనిట్ సీటు కిందే ఉంటుంది. అది తడిస్తే తాళం తిప్పినా కారు కదలదు. తర్వాత వెనక డిక్కీ కార్పెట్. అక్కడి తడి కూలెంటు ట్యాంకు పగిలిందని చెబుతుంది. ముందు బంపరు కంతల్లో టార్చి వేసి రేడియేటర్ల మీద ఆకుల చెత్త పేరుకుందేమో చూడండి. రేడియేటర్లు ముందు మూలల్లో ఉంటాయి, అక్కడి నుంచి ఇంజిన్ దాకా కూలెంటు కారు పొడవునా పైపుల్లో ప్రయాణిస్తుంది. గేర్‌బాక్సు, ఇంజిన్ కలిసే చోట ఆయిలు చెమ్మ ఉందేమో లిఫ్టు మీద ఎక్కించి చూడాలి.

మాన్యువల్ గేరు కార్లలో ఇంకో సాక్షి ఉంది, ఇంజిన్ కంప్యూటర్. హడావిడిలో ఐదో గేరు వేయబోయి మూడో గేరు వేసి ఇంజిన్‌ను హద్దు మీరి తిప్పితే, ఆ హద్దు దాటాక ఎన్ని సార్లు స్పార్కు పడిందో, చివరిసారి ఇంజిన్ ఎన్నో గంట పనిలో అలా జరిగిందో నమోదై ఉంటుంది. పోర్షె పని తెలిసిన మెకానిక్ తన యంత్రం తగిలిస్తే ఆ చిట్టా బయటికి వస్తుంది. మీటరు మీది మైళ్లను ఇంజిన్ నడిచిన గంటలతో సరిపోల్చుకోవచ్చు కూడా. అమ్మేవాడి మాటలకు ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు.

అమెరికాలో ఉన్న మన కుర్రాళ్లకు ఇవన్నీ చేతికందే సంగతులే. అక్కడ కొనుగోలుకు ముందు తనిఖీ చేసిపెట్టే స్వతంత్ర గ్యారేజీలు చాలా ఊళ్లలో ఉన్నాయి. పాత 986 కొత్త మామూలు సెడాన్ కంటే చవగ్గా దొరుకుతుంది. చవక కారైనా దాని విడిభాగాలు, కూలీ మాత్రం పోర్షె ధరలోనే ఉంటాయని గుర్తుంచుకుని కొంత డబ్బు పక్కన పెట్టుకోవాలి. మన దేశంలో దారి ఇరుకు. బయటి నుంచి పాత కారు తెప్పించాలంటే అది మూడేళ్లకు మించి పాతదై ఉండకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. కాబట్టి ఇక్కడ మొదట అమ్ముడైన కార్లలోనే వెతుక్కోవాలి. హైదరాబాద్‌లో చూసేటప్పుడు మొదట కారు అడుగు భాగం, ముందు బంపరు కింది అంచు చూడండి. స్పీడ్ బ్రేకర్లకు గీసుకున్న గాట్లు యజమాని జాగ్రత్తను చెబుతాయి. ఇక కొత్తది అంటారా, పెట్రోలు 718 తయారీ 2025లో ఆగిపోయింది. డీలర్ల దగ్గర మిగిలిన కార్లే కొత్తవి.

నన్నడిగితే, 2009 నుంచి 2012 మధ్య తయారైన 987, మాన్యువల్ గేరుతో, మామూలు 2.9 లీటర్లదైనా సరే, మొదటి ఎంపిక. అందులో ఆ షాఫ్టు భయం లేదు, స్టీరింగ్ చేతికి మాట్లాడుతుంది, ఆరు సిలిండర్ల గొంతు ఉంది. టాపు సౌకర్యం, కొత్త రూపం కావాలనుకునేవాళ్లకు 981. డబ్బుకు వెనుదీయనివాళ్లకు 4 లీటర్ల జీటీఎస్. ఏది తీసుకున్నా, లిఫ్టు మీద పెట్టి కింద లైటు వేసి చూడనిచ్చేవాడి దగ్గరే కొనండి. సాయంత్రంలోగా అడ్వాన్స్ ఇవ్వమని తొందరపెట్టేవాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.