కొన్న దృశ్యాలు: పందొమ్మిదో శతాబ్ది యాత్రికుల ఛాయాచిత్ర సంపుటాలలో తెలుగు నేల

పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో భారతదేశం చూడవచ్చిన సంపన్న యాత్రికులు తిరిగి వెళ్లేటప్పుడు వెంట తీసుకుపోయిన వస్తువులలో తోలు అట్టల ఛాయాచిత్ర సంపుటం ముఖ్యమైనది. సంపుటం అన్న మాటను కవితలకూ కథలకూ వాడటమే మనకు అలవాటు. కానీ ఈ ఆల్బమ్‌కు కూడా ఆ మాట చక్కగా చెల్లుతుంది. ఇందులోనూ ఎంపిక ఉంది, క్రమం ఉంది, శీర్షిక ఉంది, వదిలివేత ఉంది. వీటిని చరిత్రకారులు, కళాచరిత్ర పరిశోధకులు పరిశీలించారు. తెలుగు సాహిత్య విమర్శ మాత్రం వీటిని పుస్తకాలకు ముఖచిత్రాలు అందించే గనిగానే చూసింది. ఒక పుట చించి, శీర్షిక తీసివేసి, ‘నాటి మన జీవితం’ అని కింద రాసి అచ్చు వేసే పద్ధతి పెరిగిపోయింది. ఆ చిత్రాలు జీవితాన్ని చూపవని కాదు. అవి ఎవరికోసమో, ఎంతకో అమ్ముడైన వర్ణనలు. వర్ణనను వర్ణనగా చదవడానికి కావలసిన సాధనాలు మన సాహిత్యంలోనే ఉన్నాయని, వాటితో చూస్తే సంపుటం దాచిన అంశం బయటపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. ఆ దాచిన అంశం ఖరీదు.

మొదట ఈ సంపుటం తయారయ్యే తీరు తెలియాలి. 1863లో భారతదేశానికి వచ్చి 1870 దాకా పనిచేసిన శామ్యూల్ బోర్న్ వంటి ఛాయాచిత్రకారులు తాము తీసిన దృశ్యాలకు వరుస సంఖ్యలు వేసి పట్టికలు అచ్చు వేయించారు. యాత్రికుడు దుకాణంలో కూర్చొని సంఖ్యలు చెబితే చిత్రాలు సిద్ధమయ్యేవి. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని వెండి లవణంలో తడిపి, గాజు పలకకు ఆనించి ఎండలో పెట్టి ముద్రించేవారు. పలక ఎంత పెద్దదో చిత్రం అంతే. కనుక పెద్ద చిత్రం కావాలంటే పెద్ద గాజు పలకలు, బరువైన కెమెరా, రసాయనాల పెట్టెలు మోయవలసి వచ్చేది. తడి పలకల కాలంలో చీకటి గుడారం కూడా వెంట ఉండాలి, ఎందుకంటే పూసిన పలక ఆరిపోక మునుపే చిత్రం తీసి కడగాలి. బోర్న్ హిమాలయ యాత్రలలో పదుల సంఖ్యలో కూలీలు ఈ సామగ్రి మోశారు. వారు మోసుకెళ్లిన కెమెరా తీసినది మాత్రం నిర్జనమైన మంచు కొండల మౌనం. ఈ వైరుధ్యం ఒక్క బోర్న్‌ది కాదు, ఈ ప్రక్రియ మొత్తానిది.

ఇక క్రమం. ఏ యాత్రికుని సంపుటం తెరిచినా ఓడరేవు, రాజవీథి, సమాధి మందిరం, దేవాలయం, కొండదారి, వృత్తులవారు, నౌకర్లు, వేట అన్న వరుస కొద్ది తేడాలతో కనిపిస్తుంది. ప్రబంధ పాఠకునికి ఇది కొత్త కాదు. పుర, సముద్ర, పర్వత, ఋతు వర్ణనాదులుగా అష్టాదశ వర్ణనలు కావ్యానికి విధించినట్టే, ఈ సంపుటానికీ విధిగా ఉండవలసిన వర్ణనలు ఉన్నాయి. అవి లేకపోతే కొన్నవాడికి అసంతృప్తి. అయితే మన ఆలంకారికులు వర్ణనల జాబితాతో తృప్తిపడలేదు. వర్ణన రసానికి అంగమా, కేవలం పూరణమా అని అడిగారు. సంపుటాన్నీ అదే ప్రశ్న అడగవచ్చు. నూరు చిత్రాలలో తొంభై పూరణమే అని నా అభిప్రాయం. మిగిలిన పది కోసం చదవాలి.

తెలుగు నేలకు సంబంధించి ఆ పది దొరికేది ప్రధానంగా లాలా దీన్‌దయాళ్ దగ్గర. 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగు విద్య చదివి, ఇందూరులో ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేసి, 1880ల మధ్యలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైనవాడు. సికిందరాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేక స్టూడియో తెరిచి, దాని నిర్వహణ ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. 1894లో నిజాం ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చాడు. 1893లో ప్రపంచ యాత్రలో భాగంగా హైదరాబాదుకు వచ్చిన ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ వంటి అతిథులకు ఈ నగరం విందు, కవాతు, వేటల వరుసగా దర్శనమిచ్చింది. అతిథి చూసినది ఆతిథేయి చూపదలచినదే. దీన్‌దయాళ్ బోర్న్ వంటి స్వతంత్ర వర్తకుడు మాత్రమే కాడు, ఆస్థాన ఉద్యోగి కూడా. ఇక్కడ వర్ణనకు ఇద్దరు యజమానులు: కొనే యాత్రికుడు, చూపే ప్రభువు.

ఓరుగల్లును ఆయన తీసిన చిత్రాలు చూడండి. శిథిలమైన కోట, కీర్తి తోరణాలు, హనుమకొండ వేయిస్తంభాల గుడి. రాతి పనితనం పట్టుకోవడంలో ఆయనకు సాటి లేరు. ఏటవాలు వెలుగును ఎంచుకొని, స్తంభాల నునుపు, చెక్కడాల లోతు రెండూ తెలిసేటట్లు తీస్తాడు. మనుషులు ఉంటే కొలత కోసం ఉంటారు, స్తంభం ఎత్తు తెలియడానికి నిలబెట్టినట్టు. ఇదే ఓరుగల్లును క్రీడాభిరామం కూడా యాత్రికుల కళ్లతోనే చూపింది. మంచన శర్మ, టిట్టిభ సెట్టి ఒక రోజంతా నగరం తిరుగుతారు. వారూ దృశ్యాలు వెదికే విలాసులే. వారు చూసే మనుషులూ వృత్తులతో, కులాలతో గుర్తింపు పొందేవారే. కర్తృత్వ వివాదం ఇక్కడ అవసరం లేదు. గమనించవలసినది రెండు విషయాలు. ఆ వీథిలో వృత్తులవారు మాట్లాడతారు. పూటకూటి ఇంట్లో భోజనానికి ఎంత రూక ఇవ్వాలో పద్యంలోనే ఉంది. విలాసయాత్ర అయినా, చూసే సుఖానికి వెల ఉందని ఆ కావ్యానికి తెలుసు, దాన్ని చెప్పడానికి సిగ్గుపడలేదు. దీన్‌దయాళ్ ఓరుగల్లు అంతకంటే గంభీరంగా ఉంది, అందంగా కూడా ఉంది. కానీ అందులో ఎవరూ ఏదీ అమ్మరు, అడగరు.

ఈ మౌనం ఎంతదూరం పోగలదో కర్జన్ సేకరణలో కనిపిస్తుంది. 1902లో హైదరాబాదు రాజ్యానికి వచ్చిన వైస్రాయి కర్జన్, ఆయన భార్య వరంగల్లు సమీపంలోని నెక్కొండలో పులివేటకు దిగినప్పుడు, చంపిన పులి ముందు దంపతులను దీన్‌దయాళ్ చిత్రించాడు. అదే సేకరణలో అదే స్టూడియో చిత్రించిన 1899-1900 కరవు సహాయ చర్యల సంపుటం ఉంది. అది ఔరంగాబాదు జిల్లాది, తెలుగు ప్రాంతానిది కాదు. అయినా ఒకే రాజ్యం, ఒకే కెమెరా. ఎముకలు తేలిన మనుషులను అందులో వరుసగా నిలిపి, కృశించడంలో రకాలు అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టారు. వేట చిత్రంలోని కూర్పే ఇక్కడా: నడుమ ముఖ్య విషయం, ఇరువైపులా సమతూకం, నేల సగం, ఆకాశం సగం. దీన్‌దయాళ్ హృదయం లేనివాడని దీనర్థం కాదు. ప్రభుత్వం చేసిన మేలును చూపమని అడిగితే ఆ పని ఆయన నిజాయితీగా చేశాడు. కానీ తన పనితనాన్ని మార్చుకోలేదు. ఒక శైలి ఏది వచ్చినా ఒకే అందంతో పట్టగలిగినప్పుడు దానిలో లోపం ఉన్నట్టే. మన ప్రబంధ శైలిపై విమర్శకులు మోపిన నేరం కూడా ఇదే కదా.

దీనికి ఎదురుగా ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను నిలపడం సులభం, కొంచెం ప్రమాదం కూడా. ఆయనా సంపన్నుడే. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే నెలలో సుమారు నూరుగురు పరివారంతో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. బోయీలు మోసిన సవారీలో కూర్చొని దేశం చూశాడు. కుల వ్యవస్థ మీద ఆయన అభిప్రాయాలు ఆయన కాలానివే. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లకు రాసిన ఆ లేఖలు 1838లో పుస్తకంగా వెలువడ్డాయి, అంటే డాగేర్ ఛాయాచిత్ర విధానం లోకానికి ప్రకటితమైన 1839కి ఒక ఏడు ముందు. దిగవల్లి వేంకటశివరావు 1941లో దాన్ని మళ్లీ పరిష్కరించి ప్రచురించారు. ఆ పుస్తకంలో మజిలీకి మజిలీకి దూరం, దారి స్థితి, నీటి వసతి, సరుకుల లభ్యత, నాణెముల మారకం, రేవుల దగ్గర ఇబ్బంది అన్నీ ఉన్నాయి. చదవడానికి కొన్ని చోట్ల విసుగు పుట్టే మాట నిజమే. కానీ ఆ విసుగులోనే ఆ గ్రంథం విలువ ఉంది. యాత్ర ఎవరి భుజాల మీద సాగిందో, దేనికి ఎంత అయిందో అక్కడ తెలుస్తుంది. మోసేవాడు ఆ వాక్యంలో కర్త కాకపోవచ్చు, కానీ వాక్యంలో ఉన్నాడు.

చూపు దిశను తిప్పిన గ్రంథం ఇంకొకటి ఉంది. 1873లో ఇంగ్లండు వెళ్లిన పోతం జానకమ్మ రాఘవయ్య తాను తెలుగులో రాసుకొన్న అనుభవాలను 1876లో మద్రాసులో ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ పేరుతో ఇంగ్లీషులో ప్రచురించారు. ఆంగ్లేయులు మన దేశపు చిత్రాలు సంపుటాలలో కొనుక్కుపోతున్న దశాబ్దంలోనే ఒక తెలుగు స్త్రీ వారి దేశాన్ని ‘చిత్రాలు’ అన్న పేరు పెట్టి మాటలతో చూపడం యాదృచ్ఛికం కావచ్చు. అయినా ఆ పేరును ఆ కాలపు ఆల్బమ్‌ల పక్కన పెట్టి చదవడం న్యాయమే.

చిత్రాలలో ఉన్నదాన్ని ఇంతవరకూ చూశాం. లేనిదాన్ని చూడటానికి చింతలపూడి ప్రాంతం మంచి ఉదాహరణ. అక్కడ, కామవరపుకోట దాపున, గుంటుపల్లి కొండ ఉంది. క్రీస్తుపూర్వపు బౌద్ధ గుహలు, రాతిలో తొలిచిన వర్తులాకార చైత్యం, దాని గోపురం లోపల కట్టెవాసాలను అనుకరించిన రాతి వాసాలు, కొండపైన చిన్న స్తూపాల గుంపు. బొంబాయి వైపు కార్లే చైత్యం అసంఖ్యాక సంపుటాలకు ఎక్కింది. కారణం శిల్పం ఒక్కటే కాదు. 1863లో భోర్ ఘాట్ మీదుగా రైలు వచ్చాక బొంబాయిలో దిగినవాడు కార్లే చూసి రావడం తేలిక అయింది. తెలుగు దేశానికి రైలు వచ్చిన తీరు చూస్తే గుంటుపల్లి సంగతి అర్థమవుతుంది. మద్రాసు నుంచి బొంబాయి వెళ్లే దారి 1871లో రాయచూరు దగ్గర కలిసి కడప, గుంతకల్లుల మీదుగా పోయింది. వాడి నుంచి సికిందరాబాదుకు శాఖ 1874లో వచ్చింది. సికిందరాబాదు నుంచి వరంగల్లు మీదుగా బెజవాడకు రైలు 1889లో చేరింది. ఏలూరు మీదుగా సాగే తూర్పు తీరపు రైలు 1890లలో గాని రాలేదు, గోదావరి మీద వంతెన 1900లో గాని తెరవలేదు. ఆల్బమ్‌ల స్వర్ణయుగం అప్పటికి ముగిసి, చేతి కెమెరాల కాలం మొదలైంది. కనుక దీన్‌దయాళ్ చేతికి ఓరుగల్లు అందింది, రాజ్యపు సరిహద్దు దాటి కొద్ది దూరంలో ఉన్న గుంటుపల్లి యాత్రికుల బేరానికి రాలేదు.

దీన్ని నష్టంగా లెక్కించడానికి నేను వెనుకాడుతున్నాను. చింతలపూడి మెట్ట మీదుగా వచ్చే తమ్మిలేరు ఏలూరును ఒరుసుకొని కొల్లేటిలో కలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ సీమలో మనుషులూ ధాన్యమూ కాలువ పడవల మీద తిరిగారు. ఆ ప్రయాణాలు ఎవరూ ఎవరికీ అమ్మలేదు. గుంటుపల్లి వర్తుల చైత్యంలోని స్తూపానికి చుట్టుపక్కల ఊళ్లవారు పెట్టుకొన్న పేరు ధర్మలింగేశ్వరుడు. పట్టికలో సంఖ్య పొందిన దృశ్యాలకు ఛాయాచిత్రకారుడే పేరు పెట్టాడు. ఈ రాయికి పేరు పెట్టినది దాని ముందు కొబ్బరికాయ కొట్టినవారు.