విశాఖ తీరమున టీయూ-142

2021 మార్చి 28న ఓర్వకల్లు విమానాశ్రయము నుండి ప్రయాణికుల విమానములు ఎగురుట ప్రారంభమైనపుడు విశాఖపట్నము తొలి గమ్యములలో ఒకటి. మన కర్నూలు ప్రాంతపు ఉపాధ్యాయులు విద్యార్థులను విశాఖకు తీసికొనిపోయినచో, సముద్రతీరపు రోడ్డు మీద నున్న టీయూ-142 విమాన ప్రదర్శనశాలను చూపక మానరు. చూపవలసినదే. కాని ఎట్లు చూపవలెను?

ఈ విమానము 1952లో తొలిసారి ఎగిరిన టీయూ-95 అను సోవియట్ బాంబరు వంశమునకు చెందినది. మన నావికాదళము 1988లో ఇట్టివి ఎనిమిదింటిని సేవలోనికి తీసికొనెను. ఆ సంవత్సరమే మాల్దీవుల తిరుగుబాటు సమయమునను, 1999లో కార్గిల్ యుద్ధ సమయమునను ఇవి సముద్రముపై నిఘా ఉంచినవి. పుట్టుక బాంబరుదైనను, దీని ముఖ్యమైన పని వినుట. గాలిలో శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. సముద్రజలములో సుమారు 1,500 మీటర్లు. విమానము పారాచూటుతో జారవిడిచిన సోనోబాయ్ అను గొట్టము నీటిపై తేలుచు, లోనికి దించిన శ్రవణయంత్రముతో జలాంతర్గామి చప్పుడును విని, రేడియో ద్వారా పైకి తెలుపును. అనేక సోనోబాయ్‌లకు చప్పుడు చేరిన కాలములలోని తేడాను బట్టి దాని స్థానమును లెక్కకట్టుదురు. చూడవచ్చినవారు మాత్రము 50 మీటర్ల రెక్కల ముందు ఫోటో తీయించుకొని వెళ్లిపోవుదురు! రోడ్డుకు ఆవలనే కుర్సురా జలాంతర్గామి ఉన్నది. పాము, ముంగిస ఎదురెదురుగా నున్నట్లే. రెండింటిని ఒకే పాఠముగా చెప్పినగాని ఏ ఒక్కటియు అర్థము కాదు.

2017 మార్చి 29న సేవనుండి విరమించిన ఈ విమానము ఏప్రిల్‌లో విశాఖకు ఎగిరి వచ్చినది. దానిని విడదీసి, రోడ్డుపై తరలించి, తీరమున మరల కూర్చిరి. డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రదర్శనశాలను ప్రారంభించిరి. మెచ్చదగిన శ్రమయే. అయినను, ఇంత శ్రమించి తెచ్చిన దానిని ఉప్పుగాలిలో ఆరుబయట నిలుపుట నాకు సమ్మతము కాదు. విమానపు తొడుగులకు సాధారణముగా వాడు అల్యూమినియము మిశ్రమములలో బలము కొరకు రాగి కలుపుదురు; ఆ రాగియే ఉప్పుతేమలో తినివేతకు దోహదమగును. రంగు పూసినను రివెట్ల సందులలో తేమ నిలుచును. అమెరికావారు పాత సైనిక విమానములను అరిజోనా ఎడారిలో నిలువచేయుటకు పొడిగాలియే ఒక కారణము. ఆ లెక్కన మన ఓర్వకల్లు రాతినేల మేలే! కాని తూర్పు నావికాదళ కేంద్రమైన విశాఖయే దీనికి తగిన చోటు. కావలసినది పైకప్పు, పక్కగోడలు.

యాత్రకు నెల ముందు తరగతిలో రెండు అల్యూమినియము ముక్కలకు రాగితీగ చుట్టి, ఒకటి ఉప్పునీటి గుడ్డలో, రెండవది పొడిసీసాలో ఉంచుడు. గుడ్డ ఆరిపోకుండ ఉప్పునీరు చల్లుచుండవలెను. బయలుదేరు ముందు రెండింటిని విద్యార్థుల చేతికిచ్చి పోల్చిచూడుమనుడు.