గ్వామన్ పోమా విన్నపం: పాదరసమూ 'మంచి పాలనా'

1615 నాటికి పూర్తయిన ఆ విన్నపం సుమారు 1,200 పుటలు. రాసినవాడు పెరూ కొండసీమకు చెందిన స్థానిక కులీనుడు గ్వామన్ పోమా. రాసింది స్పెయిన్ రాజు మూడవ ఫిలిప్‌కు. స్పానిష్‌లో కెచువా కలిపి రాసి, 398 బొమ్మలు కూడా గీశాడు. 1908లో కోపెన్‌హాగెన్ రాజగ్రంథాలయంలో బయటపడేదాకా పండితలోకానికి ఈ గ్రంథం తెలియదు. 'కొత్త చరిత్ర, మంచి పాలన' అన్న అర్థమిచ్చే పేరులోనే రచయిత ఆశ కనిపిస్తుంది.

వైద్యుణ్ని కనుక, వాన్కవెలికా పాదరసపు గనుల ప్రస్తావన దగ్గర నా చదువు ఆగింది. పాదరసపు ఆవిరి పీల్చినవారికి చేతులు వణుకుతాయి, చిగుళ్ళు వాస్తాయి, నోరు ఊరుతూనే ఉంటుంది, చివరికి మతి చలిస్తుంది. ఆ గనులు తనవారిని కబళిస్తున్నాయని గ్వామన్ పోమాకు తెలుసు. అయితే అతడు వేలెత్తి చూపేది జిల్లా అధికారులను, గని యజమానులను, మతగురువులను. రాజు దూరాన ఉన్నాడు, తెలిస్తే సరిదిద్దుతాడు. అందుకే రాజు అడుగుతున్నట్టూ తాను జవాబిస్తున్నట్టూ ఒక సంభాషణ కల్పించాడు.

ఇక్కడే నాకు అభ్యంతరం. పొతోసీ ఖనిజాన్ని నూరి, ఉప్పూ పాదరసమూ కలిపి వెండి తీసేవారు. వాన్కవెలికా పాదరసం లామాల మీద, కంచరగాడిదల మీద తీరానికి దిగి, ఓడలో అరికా చేరి, మళ్ళీ కొండలెక్కేది. దాని అమ్మకం రాజు గుత్తసొత్తు. వెండిలో అయిదో వంతు రాజు పన్ను. ఎంత పాదరసం అమ్ముడైందో చూస్తే ఎంత వెండి తీశారో అంచనా కట్టవచ్చు. అంటే సరఫరాయే పన్నుకు తనిఖీ. అది ఆగకుండా 1570లలో వైస్రాయి తొలేదో, ఇంకాల నాటి 'మిత' అనే వంతుపనిని గనుల వెట్టిగా మార్చాడు. పొతోసీకి నిర్ణీత మండలాల నుంచి ఏటా ఏడుగురు మగవాళ్ళలో ఒకరు వెళ్ళాలి. నిజాయితీపరుడైన అధికారి వచ్చినా ఈ లెక్క మారదు. మనుషుల్ని మరింత కచ్చితంగా లెక్కపెట్టి పంపుతాడు.

దీన్ని రచయిత అమాయకత్వమనలేం. తీర్పరినే నేరస్థుడంటే ఆ విన్నపం వినేదెవరు? పైగా స్థానికులను వారి దొరలే పాలించాలనీ, స్పెయిన్ వాళ్ళు వారి ఊళ్ళ నుంచి తొలగాలనీ అతడు కోరాడు. రాజభక్తి మాటున అడిగింది చిన్న మార్పేమీ కాదు.

రాజు దాన్ని చదివిన దాఖలా లేదు. మితను చట్టరీత్యా రద్దు చేసింది 1812లో, కాదిజ్‌లో సమావేశమైన స్పెయిన్ ప్రతినిధి సభ.