పీఎల్/పెర్ల్ దోషసందేశాలు: పదౌచిత్య పరిశీలన

1. ప్రవేశిక

క్షేమేంద్రుడు ఔచిత్య స్థానాల్లో పదాన్నే మొదట లెక్కించాడు. ఆ కొలమానం కావ్యానికే పరిమితం కానక్కరలేదు. సాంకేతిక రచనలో ఒక పదం గురి తప్పితే చదువరి తప్పు నిర్ణయానికి వస్తాడు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేసులో ఇమిడి ఉండే పీఎల్/పెర్ల్ భాష ఇందుకు నిదర్శనం.

2. అశక్తత - నిషేధం

‘కై’ వంటి అక్షరంలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంతోనూ, రెండు సంకేతాల కలయికతోనూ రాయవచ్చు. కంటికి అది ఒకే పదం. వెతుకులాటకు రెండు పదాలు. తెలుగు పాఠ్యాల సంచయంలో ఈ తేడాను తొలగించదలచిన పరిశోధకుడు పెర్ల్‌లోని యూనికోడ్::నార్మలైజ్ మాడ్యూలును పిలిస్తే, దానిని పీఎల్/పెర్ల్‌లోకి లోడు చేయడం సాధ్యం కాలేదన్న సందేశం రావచ్చు. అదే మాడ్యూలు డేటాబేసు వెలుపల చక్కగా పనిచేస్తుంది. కారణం మాడ్యూలు లేకపోవడం కాదు, అనుమతి లేకపోవడం. ముందే లోడైన మాడ్యూళ్లను తప్ప మరి దేనినీ ఈ భాష స్వీకరించదు. మాడ్యూలు నిజంగా లేనప్పుడు సాధారణ పెర్ల్ ఇచ్చే సందేశం వేరు. అది వెతికిన దారులన్నింటినీ పేర్కొంటుంది. ‘కూడదు’ అనవలసిన చోట ‘కాలేదు’ అనడమే ఇక్కడి అనౌచిత్యం.

3. ‘విశ్వసనీయ’ పదం

పీఎల్/పెర్ల్‌ను ‘విశ్వసనీయ’ భాష అనీ, పీఎల్/పెర్ల్‌యూను ‘అవిశ్వసనీయ’ భాష అనీ వ్యవహరిస్తారు. విశ్వాసం ఇక్కడ వాడుకరి మీద కాదు, భాషకున్న కట్టుబాట్ల మీద. ఈ అర్థం అందని చదువరి రెండవ భాషకు మారి సమస్య తీరిందనుకుంటాడు. కాని అందులో రాసిన ఫంక్షను, సర్వరును నడిపే ఖాతాకు ఉన్న అధికారాలన్నింటినీ వాడుకోగలదు. అందుకే అందులో ఫంక్షన్లను సృష్టించే హక్కు సూపర్‌యూజరుకే ఉంది.

మధ్యేమార్గం ఉంది. పీఎల్‌పెర్ల్.ఆన్_ఇనిట్ అనే అమరికలో మాడ్యూలును ముందుగా లోడు చేస్తే విశ్వసనీయ భాషలోనూ అది అందుబాటులోకి వస్తుంది. ఇదీ భద్రతకు ముప్పు కావచ్చని అధికారిక పత్రం హెచ్చరిస్తుంది, లోడైన మాడ్యూళ్లను చూసే పద్ధతినీ చెబుతుంది. ఆ నిజాయితీ మెచ్చదగినదే. అయితే దోషసందేశం ఆ చోటికి దారి చూపదు.

4. ముగింపు

సంక్షిప్తతే దోషసందేశ లక్షణమని వాదించవచ్చు. కాని ‘అనుమతి లేదు’ అనే మాటకు ఎక్కువ చోటు అక్కరలేదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 13 నుంచి నార్మలైజ్ ఫంక్షను డేటాబేసులోనే ఉంది కనుక పై పనికి మాడ్యూలే అవసరం లేదు. మాడ్యూలు అవసరమా, అనుమతి ఉందా, దారి సరైనదేనా అన్న వరుసలో సాగితేనే దోషాన్వేషణ ఫలిస్తుంది. ప్రస్తుత సందేశం చదువరిని మూడవ ప్రశ్న దగ్గరే నిలబెడుతోంది.